ఎండలు ముదరకముందే: ఒకే ట్యాంకులో రెండు రకాల చేపలు పెంచేవాళ్ళకి

శివరాత్రితో చలి శివశివా అంటూ వెళ్ళిపోయిందంటే నెల్లూరు, ఒంగోలు వైపు అక్వేరియం ఉన్న ఇళ్ళకి పని మొదలైనట్టే. ఏప్రిల్, మే నెలల్లో బయట 40 దాటుతుంది, రోహిణి కార్తె సంగతి చెప్పక్కర్లేదు, హాల్లో మూలన పెట్టిన ట్యాంకులో కూడా నీళ్ళు 32, 33 డిగ్రీలకి వచ్చి కూర్చుంటాయి. ఒకే రకం చేపలైతే ఏదో తంటాలు పడి గట్టెక్కొచ్చు. రెండు రకాలు కలిపి పెట్టినవాళ్ళకే అసలు టెన్షన్. ఒకదాన్ని కాపాడదామని చేసే పని రెండోదాని ప్రాణం మీదకొస్తుంది.

షాపుకెళ్ళి మనం అడిగేది ఒకటే ప్రశ్న: "అన్నా, ఈ రెండూ కొట్టుకోవు కదా?" కొట్టుకోవంటాడు, కవర్లో కట్టి ఇచ్చేస్తాడు. అతను అబద్ధం చెప్పలేదు, గోల్డ్ ఫిష్, ఏంజెల్ చిన్నప్పుడు పక్కపక్కనే బాగానే తిరుగుతాయి. కానీ గోల్డ్ ఫిష్ చల్లటి నీళ్ళ చేప, దానికి 18 నుంచి 24 డిగ్రీలు హాయి. ఏంజెల్ అమెజాన్ వైపు నుంచి వచ్చింది, దానికి 24 నుంచి 30 కావాలి. మేలో గోల్డ్ ఫిష్ పైకొచ్చి నోరు తెరుస్తుంటే మీరు కంగారుపడి ఐసు బాటిల్ వేస్తారు, నీళ్ళు గంటలో నాలుగైదు డిగ్రీలు దిగుతాయి, గోల్డ్ ఫిష్ తేరుకుంటుంది, రెండుమూడు రోజులకి ఏంజెల్ రెక్కల మీద ఉప్పు చల్లినట్టు తెల్లమచ్చలు కనిపిస్తాయి. అది వైట్ స్పాట్ జబ్బు, వేడి చల్లన మారిపోయే ట్యాంకుల్లో అదే ముందు వచ్చేది. సరే, ఆ జబ్బుకి మందుగా ఉప్పు వేద్దామంటే, ట్యాంకులో ఇంకో మూల నియాన్ టెట్రా చేపలో, అడుగున తిరిగే కోరీ చేపలో ఉంటే వాటికి ఉప్పు పడదు, మోలీకైతే హాయిగా ఉంటుంది. అందుకే నా లెక్కలో జత కుదిరిందా లేదా అని చూడాల్సింది కొట్లాట ఒక్కటే కాదు, రెండింటికీ ఒకే మందు, ఒకే నీళ్ళు, ఒకే వేడి పనికొస్తాయా అని.

మీ ట్యాంకులో ఇప్పటికే గోల్డ్ ఫిష్‌తో పాటు వేడినీళ్ళ చేప ఏదైనా ఉంటే, మార్చి దాటకముందే విడగొట్టండి. వేరే ట్యాంకు కొనే ఉద్దేశం లేకపోతే గోల్డ్ ఫిష్‌ని వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో నీడపట్టున పెట్టి ఒక ఎయిర్ పంపు ఇవ్వండి, చూడ్డానికి అందంగా ఉండదు గానీ దానికి సుఖం. మన దగ్గర పుట్టి పెరిగిన గోల్డ్ ఫిష్ 30 దగ్గర కూడా నెట్టుకొస్తుందని కొందరంటారు, నిజమే, గాలి బాగా అందితే నెట్టుకొస్తుంది. గాలి దగ్గరే కదా చిక్కు. 20 డిగ్రీల నీళ్ళు లీటరుకి 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ పట్టుకోగలిగితే 32 డిగ్రీల నీళ్ళు 7 పైచిలుకుతో సరిపెడతాయి, అదే సమయంలో వేడికి చేపకి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. ముత్తుకూరు, విడవలూరు వైపు రొయ్యల చెరువులున్నవాళ్ళని అడగండి, తెల్లవారుజామున నీళ్ళకి గాలి అందించే ఏరేటర్ ఆగితే ఏమవుతుందో వాళ్ళు మనకన్నా బాగా చెప్తారు. ట్యాంకులో మొక్కలుంటే మనకీ అదే గండం, రాత్రంతా అవి కూడా ఆక్సిజన్ లాగుతాయి. కాబట్టి చప్పుడవుతుందని రాత్రిపూట పంపు కట్టేసే అలవాటు ఈ మూడు నెలలు మానెయ్యండి.

ఇక్కడ జతల వల్ల వచ్చే ఇంకో మోసం ఉంది. ఫైటర్, గౌరామి లాంటివి పైకొచ్చి నేరుగా గాలి పీల్చుకోగలవు. ఫైటర్‌తో టెట్రాల్ని పెట్టినవాళ్ళు ఫైటర్ హుషారుగా ఉంది కదా నీళ్ళు బాగున్నాయిలే అనుకుంటారు, ఆ లోపల టెట్రాలు ఒక్కొక్కటే పోతాయి. రెండు రకాల్లో గాలికి ముందు ఇబ్బంది పడేది ఏదో దాన్నే గమనించండి.

ఇక నీళ్ళు. కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్ళు ఎంత ఉప్పదనంగా, గట్టిగా ఉంటాయో ఆ ఊళ్ళ వాళ్ళకి వేరే చెప్పాలా, గిన్నెల మీద తెల్లటి పొర చూస్తే తెలుస్తుంది. అలాంటి నీళ్ళున్న ఇంట్లో నియాన్ టెట్రా, డిస్కస్ జోలికి పోకుండా గప్పీ, మోలీ, ప్లాటీ, స్వోర్డ్ టెయిల్‌లో ఏ రెండు రకాలైనా తెచ్చుకోండి. అవి గట్టి నీళ్ళలోనే బాగా బతుకుతాయి. ఒక మగదానికి రెండుమూడు ఆడవి ఉండేలా చూసుకుంటే చాలు, లేకపోతే ఆడవాటిని వెంటపడి చంపేస్తాయి. పిల్లల్ని పెడతాయి, ఆపలేరు, ముందే ఆలోచించుకోండి.

క్యాన్ నీళ్ళు మంచివి కదా అని ట్యాంకంతా ఆర్వో నీళ్ళతో నింపేవాళ్ళున్నారు. వద్దు. వాటిలో లవణాలు బాగా తక్కువ, గప్పీ మోలీలకి అస్సలు సరిపడవు, పీహెచ్ (నీళ్ళలో ఆమ్ల, క్షార గుణాల కొలత) కూడా నిలకడగా ఉండదు. ఆర్వో నీళ్ళకి సరైన పని ఒకటుంది: ఎండకి ఆవిరై తగ్గిన మేరకు పైన పోయడానికి. ఆవిరయ్యేది నీళ్ళే, లవణాలు ట్యాంకులోనే ఉండిపోతాయి, పైన మళ్ళీ బోరు నీళ్ళే పోస్తూ పోతే జూన్ నాటికి అది చేపల ట్యాంకు కాదు, ఉప్పుమడి. నీళ్ళు మార్చేటప్పుడు మాత్రం రోజూ వాడే నీళ్ళే వాడండి, వారానికి పావు వంతు, పొద్దున్నే. మధ్యాహ్నం మిద్దె మీద ట్యాంకు నుంచి వచ్చే నీళ్ళు చెయ్యి పెడితే కాలతాయి, వాటిని నేరుగా పోస్తే చేపల పులుసే. మున్సిపాలిటీ నీళ్ళైతే క్లోరిన్ పోవడానికి బకెట్లో ఒక రోజు నిలవబెట్టండి, లేదా షాపులో దొరికే క్లోరిన్ విరుగుడు మందు వెయ్యండి. ఒంగోలులో కుళాయి రోజూ రాదు కాబట్టి మార్చడానికి రెండు బకెట్లు ఎప్పుడూ పక్కన పట్టి ఉంచుకోవడం మేలు.

మేత తగ్గించండి. తిన్నది అమ్మోనియా అవుతుంది, ఆ అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం పీహెచ్ 7 నుంచి 8కి వెళ్తే దాదాపు పదింతలవుతుంది, వేడి పెరిగితే ఇంకాస్త. మన బోరు నీళ్ళేమో చాలాచోట్ల 8 వైపే మొగ్గుతాయి. రెండు నిమిషాల్లో తినేసేంత, రోజుకి ఒక్కసారి, చాలు. రెండు రకాల్లో ఒకటి చురుకు, ఒకటి నిదానం అయితే నిదానందానికి అందడం లేదని పిడికెడు పోసేస్తారు, అలా కాకుండా రెండు మూలల్లో కొంచెం కొంచెం వెయ్యండి.

వేడి దించడానికి ఐసుకన్నా ఫ్యాను మంచిది. ట్యాంకు మీద గాజు మూత తీసేసి దోమతెర బట్ట కట్టండి, పైన ఏమీ కప్పకపోతే మోలీ, స్వోర్డ్ టెయిల్ దూకేస్తాయి. చిన్న టేబుల్ ఫ్యాను నీటి పైభాగానికి తగిలేలా పెడితే రెండుమూడు డిగ్రీలు దిగుతాయి. పొదిలి వైపు పొడిగాలికి ఇది బాగా పనిచేస్తుంది, నెల్లూరు, కావలి ఉక్కపోతలో అంత ఆశించొద్దు. తప్పనిసరై ఐసు వాడితే బాటిల్ మూత బిగించి, ఒక్కటే, థర్మామీటర్ చూసుకుంటూ.

కరెంటు గురించి ఎక్కువ చెప్పను. బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఇప్పుడే కొనిపెట్టుకోండి, గాలివాన వచ్చాక షాపుకి పరిగెత్తితే దొరకదు. అదీ లేనప్పుడు మగ్గుతో నీళ్ళు ముంచి జానెడు పైనుంచి పోస్తూ ఉంటే కూడా కాస్త ఊపిరి అందుతుంది. కరెంటు లేని పూట మేత వెయ్యకండి.

నెల్లూరు దోమల పేరు ఎక్కడికెళ్ళినా వినపడుతుంది, సాయంత్రమైతే కాయిల్, లిక్విడ్ మెషిన్, స్ప్రే లేనిదే కూర్చోలేం. వాటిలో వాడే పైరెత్రాయిడ్ మందులు చేపలకి చాలా విషం. పైగా ఎయిర్ పంపు ఆ గదిలో గాలినే లాగి నీళ్ళలోకి కొడుతుంది. ట్యాంకున్న గదిలో స్ప్రే అసలు వద్దు, మెషిన్ పక్క గదిలో పెట్టుకోండి, లేదా తెర కట్టుకుని పడుకోండి. తెల్లారి చేపలన్నీ తేలితే అందరూ నీళ్ళని తిడతారు గానీ దీని మీద ఎవరికీ అనుమానం రాదు.

ఎండాకాలం అయ్యేదాకా కొత్త రకం చేపని తేకపోవడమే మంచిది. తెస్తే కనీసం రెండు వారాలు వేరే డబ్బాలో ఉంచి చూడండి. అద్దం మీద పాచి తింటుందని సక్కర్ చేపని అస్సలు తేకండి, రెండంగుళాలున్నది అడుగు పెరుగుతుంది, రాత్రిళ్ళు గోల్డ్ ఫిష్‌కి అంటుకుని ఒంటి మీద జిగురు గీకుతుంది. పెరిగిపోయిందని దాన్ని పెన్నలోనో ఊరి చెరువులోనో వదిలేస్తే అక్కడి చేపలకి చేటు. షాపువాడికి తిరిగి ఇచ్చెయ్యండి, ఊరికే ఇచ్చినా సరే.

సెలవులకి ఊరెళ్తుంటే పక్కింటివాళ్ళకి మేత డబ్బా అప్పగించకండి, జాలిపడి సగం పోసేస్తారు. పెద్ద చేపలు నాలుగైదు రోజులు తిండి లేకుండా ఉండగలవు, అంతకు మించితే రోజు విడిచి రోజుకి ఒక పొట్లం చొప్పున కట్టి, "పిన్నీ, పొట్లంలో ఉన్నదంతే, ఇంకేమీ వెయ్యొద్దు, పంపు స్విచ్ మాత్రం ముట్టుకోవద్దు" అని చెప్పి వెళ్ళండి.