కొర్రమీను చర్మం, తంగేడు చెక్క: ఇంట్లోనే పొలుసుల తోలు తయారుచేసే పద్ధతి

తోలుపని నేర్చుకునేవారికి ఎప్పుడో ఒకప్పుడు పొలుసుల తోలు మీద మనసు పోతుంది. కొండచిలువ, ఉడుము, మొసలి చర్మాల అందం అటువంటిది. కంజీరకు ఉడుము చర్మం బిగించే ఆచారం మనకు పాతదే అయినా, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఈ జంతువులను వేటాడడం, వాటి చర్మాలను కొనడం, అమ్మడం నేరం కనుక ఆ జోలికి పోకూడదు. హైదరాబాదులో ఉన్నవారికి ఆ అవసరం కూడా లేదు. అపోలో ఫిష్ కోసం కొర్రమీను ముల్లు తీసి కోసేటప్పుడు చర్మాన్ని ఒలిచి పారవేస్తారు. రాంనగర్ చేపల మార్కెట్‌లో కోసేవారికి ముందుగా చెప్పుకుని, కత్తిగాట్లు పడకుండా ఒలిచిన చర్మాలను తెచ్చుకోవచ్చు. మృగశిర కార్తె నాటి రద్దీలో మాత్రం ఇటువంటి పని చెప్పి వారిని ఇబ్బంది పెట్టవద్దు. కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప, దాన్ని తోలుగా మార్చే తంగేడు రాష్ట్ర పుష్పపు చెట్టు. ఈ రెండింటి కలయిక నాకు ఎంతో ఇష్టం.

తెచ్చిన చర్మానికి అదే రోజు ఉప్పు పట్టించాలి, లేదా ఫ్రిజ్‌లో గడ్డకట్టించాలి. పని మొదలుపెట్టే రోజున చల్లని నీటిలో నానబెట్టి, నున్నని పలక మీద పరిచి, స్టీలు చెంచా అంచుతో లోపలి మాంసపు పొరను పూర్తిగా గీకివేయాలి. ఆ తరువాత తోక నుంచి తల వైపుకు గీకుతూ పొలుసులు తీయాలి. పొలుసు ఊడిన చోట మిగిలే చిన్న జేబు వంటి మడతే ఈ తోలుకు అందం కనుక, అది చిరగకుండా చూసుకోవాలి. గిన్నెలు తోమే సబ్బు నీటిలో రెండు మూడుసార్లు కడిగితే కొవ్వు పోతుంది. తయారైన తోలు చేప వాసన వేస్తున్నదంటే లోపం చాలావరకు ఇక్కడే జరిగి ఉంటుంది.

నీటి వేడి విషయంలో మొదటిసారి నేనే దెబ్బతిన్నాను. మే నెల మధ్యాహ్నం మేడ మీది ట్యాంకు నీళ్లు నేరుగా తొట్టిలోకి పట్టి చర్మాలు వేశాను. చూస్తుండగానే అవి ముడుచుకుని జిగురు ముద్దలయ్యాయి. పశువుల చర్మం ఓర్చుకునే వేడిని చేప చర్మం ఓర్చుకోలేదు. ఎండాకాలంలో కుండనీళ్లు వాడడం మంచిది.

తరువాతిది సున్నం. 5 లీటర్ల నీటికి 50 గ్రాముల తడి సున్నం కలిపి, చేతికి రబ్బరు తొడుగులు వేసుకుని, చర్మాలను ఒక రోజు అందులో ఉంచి నాలుగైదుసార్లు కలియబెట్టాలి. చర్మం ఉబ్బి, పోగులు విడివడి, తంగేడు చెక్క (చెట్టు బెరడు) రసం లోపలికి పోవడానికి దారి ఏర్పడుతుంది. ఆ సున్నం పూర్తిగా పోవాలంటే బాగా కడిగి, రాత్రంతా పులియబెట్టిన గోధుమ తవుడు నీటిలో నాలుగైదు గంటలు ఉంచాలి. పోయిందో లేదో తెలుసుకోవడానికి చర్మం అంచును కోసి, కోత మీద చిటికెడు తడి పసుపు రాయాలి. పారాణిలా ఎర్రబడితే సున్నం ఇంకా ఉన్నట్టే. పసుపు పసుపుగానే ఉంటే ముందుకు పోవచ్చు.

ఇక అసలు పని. తంగేడు చెక్క నమిలితే నోటిని పట్టేసే వగరు ఉంటుంది. ఆ వగరే చర్మపు పోగులను పట్టి, కుళ్లిపోకుండా తోలుగా నిలుపుతుంది. మన ఊళ్లలో లందలు (తోళ్లు ఊరబెట్టే తొట్లు) నడిచిన కాలంలో ఈ చెక్కతో తోళ్లను పదును చేసేవారు. అరకిలో చర్మాలకు కిలో ఎండు చెక్క సరిపోతుంది. దాన్ని దంచి, స్టీలు గిన్నెలో అరగంట కాచి, వడగట్టి, పూర్తిగా చల్లార్చాలి. ఇనుప పాత్ర వాడితే రసం నల్లబడి తోలు మీద మరకలు పడతాయి. మొదటి రోజున ఆ రసంలో బాగా నీళ్లు కలిపి, పలుచని టీ రంగుకు తెచ్చి చర్మాలు వేయాలి. తొలి రెండు గంటలూ దగ్గర కూర్చుని చేత్తో కదుపుతూనే ఉండాలి. తొందరపడి చిక్కని రసంలో వేస్తే పైపొర ఒక్కసారిగా బిగుసుకుని, రసం లోపలికి పోయే దారి మూసుకుపోతుంది, పైకి తోలులా కనిపించే ఆ చర్మం లోపల పచ్చిగానే మిగులుతుంది. రెండు మూడు రోజులకొకసారి చిక్కదనం పెంచుతూ, చివరికి కషాయం వంటి రసంలో ఉంచాలి. మొత్తం పది రోజుల నుంచి మూడు వారాలు పట్టవచ్చు. రోజులు లెక్కపెట్టడం కన్నా, మందంగా ఉన్న వీపు భాగం అంచున సన్నని ముక్క కోసి వెలుతురులో చూడడం మేలు: కోత నడుమ దారపు పోగంత తెల్లని గీత కనిపిస్తే ఇంకా కాలేదు, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకే గోధుమరంగు ఉంటే అయింది. కర్మాగారాల్లో క్రోమియం లవణాలతో ఈ పని ఎంతో త్వరగా ముగుస్తుంది కానీ, ఆ నీటిని ఇంటి కాలువలోకి వదలడం తప్పు కనుక ఇంట్లో ఆ పద్ధతి వద్దు.

రసం నుంచి తీసి కడిగిన తోలును పిండి, ఒక గుడ్డు పచ్చసొనలో రెండు చెంచాల నువ్వుల నూనె గిలకొట్టి, గోరువెచ్చని నీటితో పలుచన చేసి రెండు వైపులా మర్దించాలి. రాత్రంతా చుట్టి ఉంచి, మర్నాడు నీడలో ఆరవేయాలి. సగం ఆరిన దశలో బల్ల అంచు మీద అటూ ఇటూ లాగుతూ మెత్తబరచాలి. పూర్తిగా ఆరేదాకా గంటకొకసారి ఈ పని తప్పదు. మధ్యలో వదిలేస్తే అట్టలా బిగుసుకుంటుంది, అప్పుడు తడిగుడ్డలో చుట్టి మళ్లీ మొదలుపెట్టాలి.

నలుపు రంగు కావాలంటే కలంకారీవారు బెల్లం నీటిలో ఇనుప ముక్కలు ఊరబెట్టి చేసే కసిమిని గుడ్డతో పలుచగా పూస్తే సరిపోతుంది. తంగేడు వగరు, ఇనుము కలిసి తోలు అక్కడికక్కడే నల్లబడుతుంది. మెరుపు కోసం మిగిలిన గుడ్డు తెల్లసొనను నీటిలో కలిపి రాసి, ఆరాక నున్నని గులకరాయితో గట్టిగా రుద్దాలి. పెద్ద కర్మాగారాల్లో మొసలి తోలుకు మెరుపు తెచ్చేదీ ఇటువంటి రాపిడే, అక్కడ యంత్రానికి అకీకు రాయి బిగిస్తారు.

రంపెతో (తోలు కోసే కత్తితో) ముక్కలు కోసే ముందు వేలితో నిమిరి, తల వైపు ఏదో తోక వైపు ఏదో గుర్తు పెట్టుకోవాలి. పర్సు కుట్టేటప్పుడు తల భాగం నోటి వైపు ఉంచితే, జేబులోకి పెట్టేటప్పుడు తీసేటప్పుడు పొలుసు మడతలు ఎలా తగులుతాయో ముందే ఒకసారి చేత్తో చూసుకుని, ఆ తరువాతే ఆరెతో రంధ్రాలు వేయాలి.