ఘాటు సిగార్‌ని రుచి చూసి అంచనా వేయడం ఎలా?

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో చుట్ట కొత్తేమీ కాదు. నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ముసలమ్మల అంగిళ్లు చూసి డాక్టర్లు క్యాన్సర్ అని ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు. సిగార్ ఖరీదైనదైనా ఆ ముప్పు తప్పదు. అలవాటు లేనివాళ్లు దీని జోలికి పోవద్దు. దుబాయ్ నుంచి వచ్చిన బావ చేతిలో పెట్టిన నికరాగువా సిగార్ మంచిదో కాదో తేల్చాలంటే మాత్రం ఇలా చేయండి.

ముందు అన్నం తినండి. ఘాటు సిగార్లలో లిహెరో ఆకు ఎక్కువ. అది మొక్క పైభాగంలో ఎండకు ముదిరిన ఆకు, నికోటిన్ దండిగా ఉంటుంది. ఖాళీ కడుపుతో తాగితే కళ్లు తిరుగుతాయి. పక్కన బెల్లం ముక్క పెట్టుకోండి.

వేళ్లతో మెల్లగా నొక్కండి. గట్టి ముడులు, మెత్తటి గుంతలు ఉంటే చుట్టడంలో లోపమే. మన సముద్రపు గాలికి వానాకాలంలో బూజు పడుతుంది, అలాంటిది పారేయండి. నిల్వకు 65 నుంచి 70 శాతం తేమ చాలు.

మూసిన కొసన 2 మిల్లీమీటర్లు కత్తిరించి, ముట్టించకుండానే ఓసారి పీల్చండి. గాలి బొత్తిగా ఆడకపోతే చివరిదాకా తిప్పలే. ఫ్యాన్ ఆపేసి, మంటకు కాస్త ఎడంగా తిప్పుతూ అంచంతా సమంగా కాల్చండి.

నిమిషానికి ఒక దమ్ము చాలు. పొగను నోట్లోనే తిప్పి వదలాలి, ఊపిరితిత్తుల్లోకి పోనివ్వొద్దు. కొంచెం ముక్కులోంచి వదిలితే మిరియాల ఘాటు తెలుస్తుంది. తొలి మూడో వంతులో కారం, నడుమ కాఫీ గింజ, వేయించిన పలాస జీడిపప్పు, తడిమట్టి లాంటివి తగలొచ్చు. మీ నాలుకకు తెలిసిన పేర్లే రాసుకోండి. డబ్బా మీద "దేవదారు" అని ఉందని మీకూ అదే తోచాలని లేదు. ఘాటుకీ రుచికీ లంకె పెట్టొద్దు: తల దిమ్మెక్కించేదంతా గొప్ప సిగార్ కాదు. నా లెక్కలో రుచి మారుతూ పోయేదానికే మార్కులు. మొదటి దమ్ముకీ నలభయ్యో దమ్ముకీ ఒకటే కారమైతే డబ్బు దండగ.

నిప్పు ఒకవైపే కాలుతుంటే, బూడిద పొట్టులా రాలుతుంటే అదీ రాయండి. చివర్లో పొగ వేడెక్కి చేదు తగిలితే ఆపేయండి. నలిపితే కంపు కొడుతుంది, పళ్లెంలో వదిలేస్తే అదే ఆరిపోతుంది.