యాంటీ-ఏలియసింగ్ ఫిల్టర్ ఉన్న సెన్సారా, లేనిదా: ఎంచుకోవడం ఎలా, వాడుకోవడం ఎలా

కెమెరా కొనేటప్పుడు మెగాపిక్సెళ్లను చూసినంత శ్రద్ధగా సెన్సార్ ముందు యాంటీ-ఏలియసింగ్ ఫిల్టర్ (కాంతిని కొద్దిగా పరిచి, లేని గీతలు ఫొటోలో పడకుండా చూసే పలక) ఉందో లేదో చాలామంది చూడరు. చూసేవారు కూడా, ఫిల్టర్ లేకపోతే ఫొటో మరింత పదునుగా వస్తుందన్న ఒక్క కారణంతో నిర్ణయం తీసేసుకుంటారు. పదును పెరిగే మాట నిజమే. అయితే దానితోపాటు ఇంకేం వస్తుందో తెలుసుకున్నాకే డబ్బు పెట్టడం మంచిది.

మామూలు సెన్సార్‌లో ఒక్కో పిక్సెల్ ఒక్క రంగునే నమోదు చేస్తుంది. కొడాక్ శాస్త్రవేత్త బ్రైస్ బేయర్ 1976లో పేటెంట్ పొందిన అమరికలో సగం పిక్సెళ్లు ఆకుపచ్చకు, పావు వంతు ఎరుపుకు, పావు వంతు నీలానికి కేటాయిస్తారు. ప్రతి పిక్సెల్‌లో లోపించిన రెండు రంగులను ఇరుగుపొరుగు పిక్సెళ్లను బట్టి లెక్కగట్టి పూరిస్తారు. వస్తువు మీది గీతలు సెన్సార్ మీద దాదాపు పిక్సెళ్లంత సన్నగా పడినప్పుడు ఆ లెక్క తప్పి, అసలు లేని అలలు, రంగు చారలు పుట్టుకొస్తాయి. దీనినే మోయిరే అంటారు. ఎరుపు, నీలం పిక్సెళ్లు ఎడంగా ఉంటాయి కనుక ముందుగా రంగే చెడుతుంది. సన్నగళ్ల చొక్కా వేసుకున్న మనిషి ఫొటోను 100 శాతం పరిమాణంలో చూసినప్పుడు, భుజం మీద నేత సవ్యంగానే ఉండి, మోచేయి దగ్గర బట్ట ఏటవాలుగా తిరిగి గళ్లు దగ్గరపడిన చోట మాత్రం ఆకుపచ్చ, గులాబీ వంపుగీతలు కనిపిస్తే అది మోయిరేయే.

ఫిల్టర్ ఈ తప్పును ముందే ఆపడానికి ప్రయత్నిస్తుంది. ద్వివక్రీభవన గుణమున్న, అంటే ఒక కిరణాన్ని రెండుగా చీల్చే, పలుచని స్ఫటికపు పలకలు ఒక్కో కాంతి బిందువును సాధారణంగా నాలుగుగా చీల్చి పక్క పిక్సెళ్ల మీదికి కొద్దిగా పరుస్తాయి. దానివల్ల సన్నని వివరాల కాంట్రాస్ట్ తగ్గుతుంది. రా ఫైల్‌లో (కెమెరా దిద్దకుండా దాచే ముడి ఫైల్‌లో) తక్కువ వ్యాసార్థంతో షార్పెనింగ్ చేస్తే, అంటే అంచుల పదును పెంచితే, అందులో చాలా భాగం తిరిగి వస్తుంది. మోయిరే విషయంలో ఆ వెసులుబాటు లేదు. రంగు చారలను కొంత చెరపవచ్చు గాని, వెలుగునీడల్లోనే అల ఏర్పడితే దాని కింద అసలు నేత ఎలా ఉందో చెప్పే సమాచారం ఫైల్‌లో ఉండదు. అందుకే బట్టలు, ఫ్యాషన్, మళ్లీ తీసే వీలులేని వేడుకలు ప్రధానమైనవారికి నేను ఫిల్టర్ ఉన్న సెన్సార్‌నే సూచిస్తాను. కొండలు, అడవులు, రాళ్లు తీసేవారికి, ఆ దృశ్యాల్లో క్రమం తప్పకుండా తిరిగివచ్చే గీతలు అరుదు కనుక, ఫిల్టర్ లేనిదే లాభం.

పిక్సెళ్లు చిన్నవవుతున్నకొద్దీ ఫిల్టర్ ఉన్న, లేని సెన్సార్ల మధ్య తేడా కూడా తగ్గుతుంది. నికాన్ 2012లో 36 మెగాపిక్సెళ్ల డి800తోపాటు, ఫిల్టర్ ప్రభావాన్ని రద్దు చేసిన డి800ఇని విడిగా అమ్మింది. 2014 నాటి డి810లో ఫిల్టర్‌నే తీసేసింది. పెంటాక్స్ 2013లో కే-3తో మధ్యేమార్గం చూపింది: ఫిల్టర్ ఉండదు, అవసరమైనప్పుడు ఎక్స్‌పోజర్ సమయంలో సెన్సార్‌నే అతిసూక్ష్మంగా కదిలించి ఆ ప్రభావాన్ని తెప్పించుకోవచ్చు.

కొనే ముందు వీలైతే రెండు కెమెరాలనూ ట్రైపాడ్ మీద ఉంచి, ఒకే లెన్సుతో, ఎఫ్/5.6 ఎపర్చరు (లెన్సులో కాంతి వచ్చే రంధ్రం, అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది) వద్ద, దగ్గరి నేత ఉన్న బట్టను నాలుగైదు దూరాల నుంచి రా ఫైళ్లుగా తీసి పోల్చండి. ఒక్క దూరంలో తీసి తేల్చేయవద్దు, ఎందుకంటే మోయిరే ఒకచోట కనిపించి అడుగు వెనక్కి వేయగానే మాయమవుతుంది. మీరు ఎప్పుడూ ఎఫ్/16 దగ్గరే తీసేవారైతే ఈ పోలికే అనవసరం. ఎఫ్/11 వద్దే వివర్తనం (చిన్న రంధ్రం గుండా వచ్చిన కాంతి పక్కలకు వ్యాపించడం) వల్ల ఒక కాంతి బిందువు దాదాపు 15 మైక్రాన్ల వెడల్పుకు విస్తరిస్తుంది. 36 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్ సెన్సార్‌లో పిక్సెల్ వెడల్పు 5 మైక్రాన్ల లోపే. అంటే ఫిల్టర్ చేసే పనిని అక్కడ ఎపర్చరే చేసేస్తుంది.

ఫిల్టర్ లేని కెమెరాతో తీస్తూ మోయిరే గమనిస్తే, మొదట ఒక అడుగు ముందుకో వెనక్కో జరగండి, లేదా జూమ్ కొంచెం మార్చండి. అది కుదరకపోతే కెమెరా కోణం మార్చండి, ఆ తర్వాతే ఎపర్చరును ఎఫ్/11కో ఎఫ్/16కో తగ్గించండి. మనుషుల పోర్ట్రెయిట్ ఫొటోల్లో ఇందుకు విరుద్ధంగా ఎపర్చరును పెద్దది చేసి, ఫోకస్‌ను కంటి మీద నిలిపితే చొక్కా కాస్త ఫోకస్ తప్పి సమస్య తీరవచ్చు. కదలని వస్తువులకు పిక్సెల్-షిఫ్ట్ సదుపాయం (సెన్సార్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ తీసిన ఫొటోలను ఒకటిగా కలిపేది) ఉంటే వాడండి. ప్రతి చోటా అన్ని రంగులూ నమోదవుతాయి కనుక రంగు మోయిరే చాలావరకు రాదు. వీడియోకు మాత్రం ఫిల్టర్‌నే నమ్ముకోవద్దు. అది ఫొటోల పూర్తి పిక్సెళ్లకు సరిపోయేలా చేసినది. కొన్ని కెమెరాలు వీడియోలో వరుసలు వదిలేస్తూ చదువుతాయి కాబట్టి, ఫిల్టర్ ఉన్నా మోయిరే వస్తుంది.

కంప్యూటర్‌లో చిన్నదిగా చూపిన ఫొటోలో కనిపించే అలలు కొన్నిసార్లు ఆ కుదింపు వల్ల వచ్చినవే అయివుంటాయి కనుక, 100 శాతంలో చూశాకే దిద్దడం మొదలుపెట్టండి. ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లోని మోయిరే బ్రష్‌ను చెడిన చోట మాత్రమే రాయండి. ఫొటో అంతటా ప్రయోగిస్తే చొక్కా అసలు రంగులు కూడా వెలిసిపోతాయి.