గోడౌన్ ఎక్కడి మాట? పాత ఇంగ్లీషు మాట మూలం పట్టుకోవడం ఇలా

బరంపురం, పర్లాకిమిడి వైపు పాత ఇళ్ల దస్తావేజుల్లో 'గోడౌన్' అన్న మాట కనబడితే వెంటనే పెద్ద గిడ్డంగి అని రాసేయకండి. 1936 ఏప్రిల్ 1 దాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అప్పటి ఇంగ్లీషులో ఇంటికి ఆనుకున్న సామాన్ల గదినీ గోడౌన్ అనేవారు. వంటగది, నూతి, పెరడు పక్కన ఆ మాట వస్తే చాలావరకు అది గదే. ముందు చుట్టూ ఉన్న మాటలు, కొలతలు, హద్దులు చదవాలి.

ఇక పుట్టుక. 'గో', 'డౌన్' అని విడగొట్టి, కిందికి దిగి సరుకు పెట్టే చోటని చెప్పడం ఉత్త కట్టుకథ. ఇలాంటివి తేలాలంటే పాత స్పెల్లింగు చూడాలి. వెనిస్ వర్తకుడు ఫెడెరిచి యాత్రకు 1588లో వచ్చిన ఇంగ్లీషు అనువాదంలో అది 'గోడన్'. అక్కడ 'డౌన్' లేనే లేదు. తెలిసిన మాటలా వినబడాలని తర్వాత అలా మలుచుకున్నారు.

తర్వాత మాట నడిచిన దారి. 1511లో మలక్కాను పట్టుకున్న పోర్చుగీసువారు మలయ్ 'గుడాంగ్'ను తమ నోటికి తిప్పుకున్నారు, అది ఇంగ్లీషువారికి చేరింది. దాని వెనకాల ఏముందంటే 1886 నాటి హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు తెలుగు గిడ్డంగిని, తమిళ కిడంగును చూపిస్తుంది. అలాగని 'మన తెలుగు మాటే' అని చాటింపు వేయడం తొందరపాటు; ఈ మాట దక్షిణాది భాషల ఉమ్మడి సొత్తు. ఒడియావాళ్లు 'గొదామ' అంటారు కాబట్టి అదే మూలమనుకోవడం సరిహద్దు ఊళ్లలో మరీ తరచుగా జరిగే పొరపాటు. అదీ వర్తకులతో వచ్చిందే.

వెతకడానికి డబ్బు ఖర్చు లేదు. షికాగో విశ్వవిద్యాలయం దక్షిణాసియా నిఘంటువుల సైటులో హాబ్సన్-జాబ్సన్, బ్రౌన్, బరో-ఎమెనో ద్రావిడ నిఘంటువు మూడూ ఉన్నాయి. మాట దొరక్కపోతే అక్షరాలు మార్చి చూడండి: ప-బ, డ-ర, ఈ-కి ఇంగ్లీషులో రెండు 'e'లు, ఊ-కి రెండు 'o'లు. శ్రీకాకుళాన్ని 'చికాకోల్' అని రాసినవాళ్లు ఆ ఇంగ్లీషువాళ్లు. పందికొక్కు 'బాండికూట్' అయిందీ అలాగే. అయితే ఆస్ట్రేలియా పుస్తకంలో ఆ పేరు కనబడితే అది మన ఎలుక జాతి కాదు, కడుపు సంచిలో పిల్లల్ని పెంచే వేరే జంతువు.