పిల్లల్ని ఆటలో అరటిపండు చేయకండి

మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో పదహారేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఏప్రిల్ ఆఖర్లో సెలవులివ్వగానే తల్లులు అడిగేది ఒకటే: "టీచరమ్మా, ఇంట్లో ఉంటే వీడు ఫోన్ వదలడు, ఏం చేయమంటారు?" వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు మా క్లాసు సంగతి. మూడో తరగతిలో ఒక పాపకు ఎడమ కాలు సరిగా పడదు. ఏడు పెంకులాటలో పిల్లలు తనను ఆటలో అరటిపండు చేసేవాళ్లు. ఆటలో ఉంటుంది, బంతి తగిలినా అవుట్ కాదు. ఎంత మంచి మనసో అని నేనూ మురిసిపోయాను. ఒకరోజు ఆ పాప నా కొంగు పట్టుకుని, "నన్నెవరూ అవుట్ చేయట్లేదు టీచర్" అని ఏడ్చింది. నాకు నోట మాట రాలేదు. అందర్నీ వేపచెట్టు కింద కూర్చోబెట్టి, తను నిజంగా ఆడాలంటే ఏం మార్చాలో మీరే చెప్పండన్నాను. పావుగంటలో తేల్చేశారు. బంతితో పెంకుల్ని పడగొట్టేది తనే, దూరం పోయిన పెంకులు ఏరి తెచ్చేది జట్టులో ఇంకొకరు, పేర్చేది మళ్లీ తనే. బంతి తగిలితే మాత్రం అందరిలాగే అవుట్. మీ వీధిలోనూ అంతే. "పాపం, వాణ్ణీ కలుపుకోండిరా" అని వదిలేయకుండా, "రూలు ఏం మారుద్దాం?" అని అడిగి చూడండి.

వంటింట్లో మనమూ పిల్లల్ని అరటిపండు చేస్తాం. ఉత్త గరిటె చేతికిచ్చి ఆడుకోమంటాం. ఎనిమిదేళ్లు దాటాక నిజం పనే ఇవ్వండి. రాగి జావతో మొదలుపెట్టండి. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, ఎదిగే ఎముకలకు అది కావాలి. రెండు పెద్ద చెంచాల పిండిని అర గ్లాసు చన్నీళ్లలో కలపడం పూర్తిగా పిల్లల పని. రెండు గ్లాసుల నీళ్లు మరిగాక అందులో పోసేది మీరు. పక్కనే నిలబడి, పొడుగు గరిటెతో వాళ్ల చేతే తిప్పించండి. ఐదారు నిమిషాలకు పచ్చివాసన పోయి జావ నిగనిగలాడుతుంది. చల్లారాక మజ్జిగ, ఉప్పు, సన్నటి ఉల్లిపాయ ముక్కలు. మొదటిసారి ఉండలు కడతాయి. కట్టనివ్వండి, గరిటె లాక్కోకండి. బడిలో జావ గ్లాసు పక్కకు నెట్టే పిల్లాడు తను కాచిన జావ ఉండలతో సహా తాగుతాడు.

ఇది ముంజెల కాలం కదా, తిన్నాక కాయలు పారేయకండి. రెండు కాయలు, మధ్యలో ఇరుసుగా ఒక పుల్ల, తోయడానికి పొడుగాటి పంగల కర్ర ఉంటే తాటికాయల బండి అయిపోతుంది. కత్తి పని ఒక్కటే మీది, కర్ర వెతకడం దగ్గర్నుంచి మిగతాదంతా వాళ్లది. బండి ఒక పక్కకే లాగేస్తుంటే వెంటనే సరిచేయకండి, "ఎందుకు లాగుతోంది?" అని అడిగి ఆగండి. మా ఊళ్లో ఒక పిల్లాడు దారం చుట్టి రెండు కాయలూ కొలిచి, ఒకటి పెద్దదని పట్టుకున్నాడు.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున కనీసం 60 నిమిషాలు ఒళ్లు అలిసే ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన ఎండలకు పొద్దున తొమ్మిది లోపు, సాయంత్రం ఐదు తర్వాతే పంపండి. బడి వయసు పిల్లలు రాత్రిపూట కనీసం 9 గంటలు నిద్రపోవాలి.

ఇక ఫోన్. రాత్రి ఎనిమిదికి అమ్మదీ నాన్నదీ కూడా ఒకే గూట్లో పెట్టి, ఆ గూటి కాపలా పిల్లలకే అప్పగించండి. తొమ్మిదింటికి "ఒక్క నిమిషం ఇవ్వరా" అని మీరే అడిగినప్పుడు వాడు ఇవ్వనంటే, తీసుకోకండి.