ఎడారి ర్యాలీకి సిద్ధం కావడం ఎలా: డాకర్ బాట పట్టదలచిన చిన్న జట్టుకు సూచనలు

దూరప్రయాణపు ఎడారి ర్యాలీలు అనగానే ముందుగా గుర్తుకొచ్చే పేరు డాకర్. 1977లో అబిజాన్–నీస్ ర్యాలీలో మోటారుసైకిల్ నడుపుతూ సహారాలో దారి తప్పి, ప్రాణాలతో బయటపడిన థియరీ సబీన్ అనే ఫ్రెంచి దేశస్థుడు ఆ ఎడారినే పోటీబాటగా మలచాలని సంకల్పించారు. 1978 డిసెంబరు 26న పారిస్ నుంచి సెనెగల్ రాజధాని డాకర్‌కు తొలి ర్యాలీ బయలుదేరింది. భద్రతా కారణాల వల్ల 2008 పోటీ రద్దయిన తరువాత అది 2009 నుంచి 2019 వరకు దక్షిణ అమెరికాలో సాగి, 2020 నుంచి సౌదీ అరేబియాలో జరుగుతోంది. తొలిసారి మోటారుసైకిల్ విభాగంలో దిగదలచిన రైడర్‌ను, ఆయన వెంట నడిచే చిన్న జట్టును దృష్టిలో ఉంచుకొని ఈ సూచనలు రాస్తున్నాను. కారులో వెళ్లేవారికి కూడా వీటిలో చాలావరకు పనికొస్తాయి.

సుమారు రెండు వారాల్లో, మధ్యలో ఒకే ఒక్క విశ్రాంతి దినంతో, ఏడెనిమిది వేల కిలోమీటర్లు నడపవలసిన పోటీ ఇది. రోజువారీ దశలో గడియారంతో కొలిచే భాగాన్ని స్పెషల్ అని, విడిది నుంచి అక్కడికి, అక్కడి నుంచి మరో విడిదికి మామూలు రోడ్డు మీద చేరవలసిన భాగాన్ని లయజాన్ అని అంటారు. రాత్రి బస చేసే గుడారాల ఊరు బివాక్. కొత్తవారిలో చాలామంది దీనిని వేగపు పోటీగా భావించి, మూడో రోజుకే టైర్లను, క్లచ్‌ను, తమ మణికట్లను అరగదీసుకుంటారు. నేను మాత్రం దీనిని రేపటికి మిగుల్చుకోవలసిన పోటీగానే చూస్తాను. యంత్రంలో, ఒంట్లో, మెకానిక్ కళ్లలో రేపటికి ఎంత మిగిలిందన్న లెక్క ప్రతి సాయంత్రం వేసుకోగల జట్టే చివరి గీత దాటుతుంది.

సన్నాహానికి కనీసం రెండేళ్లు కేటాయించండి. మోటారుసైకిల్ మీద డాకర్‌కు కొత్తగా వచ్చేవారు అంతకుముందే నిర్వాహకులు గుర్తించిన మరో క్రాస్‌కంట్రీ ర్యాలీలో తమ అర్హతను నిరూపించుకోవాలి కాబట్టి, మొదటి ఏడాదిని మొరాకో, అబూధాబి వంటి చోట్ల జరిగే ర్యాలీలకు ఉంచుకోవడం మంచిది. ఇసుక అలవాటు కోసం మనవారికి దగ్గరగా ఉన్నది రాజస్థాన్‌లోని జైసల్మేర్ పరిసరాలు. అంతదూరం వెళ్లలేని రోజుల్లో, యజమాని అనుమతి ఉన్న మెత్తటి ఇసుక నేల ఏదైనా క్లచ్, థ్రాటిల్ సాధనకు సరిపోతుంది. సముద్రతీరంలో మాత్రం ఈ సాధన చేయవద్దని గట్టిగా కోరుతున్నాను. శీతకాలం నుంచి వేసవి మొదటి వరకు ఆంధ్ర తీరపు ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. చక్రం కింద నలిగేవి అవే. మరొక ముఖ్యమైన సంగతి ఓడ ప్రయాణం. జనవరిలో జరిగే పోటీకి వాహనాలు, విడిభాగాలు వారాల ముందే యూరప్ రేవులో ఓడ ఎక్కుతాయి. ఓడ కదిలిన తరువాత గుర్తుకొచ్చిన బేరింగ్ మీ దగ్గర లేనట్లే. అందువల్ల మీ అసలు గడువు పోటీ తేదీ కాదని, ఓడ తేదీయేనని గోడ మీద రాసుకోండి.

రోడ్‌బుక్ చదవడం

డాకర్‌లో మీకు పటం ఇవ్వరు. జీపీఎస్‌లో దారి గీసి చూపరు. ఇచ్చేది రోడ్‌బుక్ మాత్రమే. అందులో ప్రతి గడిలో ఎడమవైపు దూరం, మధ్యలో కూడలిని లేదా మలుపును చూపే చిన్న బొమ్మ, కుడివైపు దిక్సూచి డిగ్రీలు, ఫ్రెంచి సంక్షిప్తాక్షరాల్లో సూచనలు ఉంటాయి. కుడిని డి అనే అక్షరంతో, ఎడమను జి అనే అక్షరంతో సూచిస్తారు; బాట లేని చోట హెచ్‌పి అని రాస్తారు; ఒక ఆశ్చర్యార్థకం జాగ్రత్తను, రెండు ప్రమాదాన్ని, మూడు పెనుప్రమాదాన్ని తెలుపుతాయి. పూర్వం ముందురోజు సాయంత్రమే కాగితపు చుట్టను ఇచ్చేవారు. రైడర్లు రాత్రి కూర్చుని రంగు పెన్నులతో ప్రమాదాలకు ఒక రంగు, దిక్కులకు ఒక రంగు పూసుకునేవారు. ఇప్పుడు తెర మీద కనిపించే డిజిటల్ రోడ్‌బుక్ బయలుదేరడానికి కొద్దిసేపటి ముందే చేతికి వస్తుంది కనుక, ఆ సంక్షిప్తాక్షరాలన్నీ ఎక్కాలవలె కంఠస్థమై ఉండాలి. గంటకు నూరు కిలోమీటర్ల వేగంతో నిలబడి నడుపుతూ అర్థం వెదుక్కునే తీరిక ఎవరికీ ఉండదు.

ఇంటి దగ్గర దీనిని అభ్యసించే తేలిక మార్గం ఒకటుంది. మీ మిత్రుణ్ణి మీకు తెలియని మట్టిబాటల్లో యాభై కిలోమీటర్ల రోడ్‌బుక్ రాయమనండి. ఫోను జేబులో పెట్టి, దూరం, డిగ్రీలు మాత్రమే చూసి నడపండి. మొదటిరోజే మీకు తెలిసివచ్చే సంగతి ఏమిటంటే, ఓడోమీటరు అబద్ధం చెబుతుంది. ఇసుకలో చక్రం జారుతూ తిరిగినప్పుడల్లా నడిచిన దూరం కంటే ఎక్కువ అంకె పడుతుంది. కాబట్టి బావి, కంచె, రెండు బాటల చీలిక వంటి తిరుగులేని గుర్తు దొరికిన ప్రతిసారీ హ్యాండిల్ మీది మీటతో అంకెను రోడ్‌బుక్‌తో సరిచేసుకోవడం శ్వాస తీసినంత సహజం కావాలి. ఈ అలవాటు లేని రైడర్ ఎంత వేగవంతుడైనా మధ్యాహ్నానికి దారి తప్పుతారు.

దారి పొడవునా వేపాయింట్లు, అంటే తప్పక దాటవలసిన నిర్ణీత స్థలాలు, ఉంటాయి. వాటిని దాటినట్లు పరికరంలో నమోదు కావాలి, తప్పితే కాలం రూపంలో జరిమానా పడుతుంది. వీటిలో కొన్నింటికి దాదాపు కిలోమీటరు లోపలికి చేరితే తప్ప దిక్కు చూపే బాణం వెలగదు. బాణం వెలగవలసిన చోట వెలగకపోతే చేయవలసిన పని ఒక్కటే: ఆగడం. ఆగి, నిస్సందేహంగా సరైనదని తెలిసిన చివరి గడి ఏదో గుర్తు తెచ్చుకొని, అక్కడికి వెనక్కు వెళ్లాలి. చుట్టూ గిరగిర తిరగడం వల్ల ఇంధనం, సమయం, ధైర్యం మూడూ కరిగిపోతాయి. ఎదుటి చక్రాల జాడ వెంట గుడ్డిగా పోవడం మరింత చెడ్డ అలవాటు, ఎందుకంటే ముందుపోయినవారు దారి తప్పి ఉంటే ఆ జాడ మిమ్మల్నీ అక్కడికే చేరుస్తుంది. అందరికంటే ముందుగా, ఏ జాడా లేని ఇసుకలో దారి తీసేవారి కష్టాన్ని గుర్తించి, మోటారుసైకిల్ విభాగంలో 2023 నుంచి వారికి బోనస్ సెకన్లు ఇస్తున్నారు. ఈ నియమం చాలా సమంజసమైనదని నా అభిప్రాయం.

ఇసుక దిబ్బలు దాటడం

దిబ్బకు గాలి తగిలే వైపు వాలు నెమ్మదిగా, గట్టిగా ఉంటుంది. అవతలి వైపు నిట్టనిలువుగా, మెత్తగా జారిపోతుంది. కింది నుంచి చూసేవారికి అవతల ఏముందో తెలియదు. కావలసిన ఊపును కింద చదునులోనే సంపాదించి, నెత్తి దగ్గర థ్రాటిల్ తగ్గించి, శిఖరపు గీతకు ఏటవాలుగా కాక నేరుగా చేరి, అవతలకు తొంగిచూసి దిగాలి. ఎగిరి దూకినవారు ఎక్కడ పడతారో వారికే తెలియదు. ఆగవలసి వస్తే ఎక్కేవైపు ఆగకండి. దిగువకు వాలిన చోట ఆగితే తిరిగి కదలడానికి భూమే సాయం చేస్తుంది. ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండలో నీడలు దిబ్బల ఆకారాన్ని చెబుతాయి. నడినెత్తిన సూర్యుడున్నప్పుడు ఇసుకంతా ఒకే తెల్లటి గుడ్డలా కనిపించి, గోతికి, గుట్టకు తేడా తెలియదు. ఆ రెండు గంటలు వేగం తగ్గించడానికి సిగ్గుపడనక్కరలేదు.

వెనుక చక్రం కూరుకుపోయినప్పుడు థ్రాటిల్ తిప్పితే అది ఇంకా లోతుకు దిగడమే కాక క్లచ్ కాలుతుంది. బండిని పక్కకు పడుకోబెట్టి, చక్రం తవ్విన గోతిని చేతులతో పూడ్చి, మళ్లీ నిలబెట్టి, మొదటి గేరులో పక్కన నడుస్తూ బయటకు తేవాలి. ఇంధనం నిండిన ర్యాలీ బండి నూట యాభై కిలోల పైమాటే కనుక ఈ పనిని అలసిన ఒంటితో పదిసార్లు చేసి చూడండి. కారు జట్లయితే టైర్లలో గాలి తగ్గించడం, పార, ఇసుక పలకలు ఉపయోగించడం ఇద్దరూ మాటలు లేకుండా చేయగలగాలి. ఎవరు ఏ వైపు దిగాలో ముందే నిర్ణయించుకోండి.

యంత్రం, మెకానిక్

ప్రధాన విభాగంలో 2011 నుంచి మోటారుసైకిళ్లకు 450 సీసీ పరిమితి ఉంది. ఒకసారి నింపితే సుమారు 250 కిలోమీటర్లు వెళ్లగలిగేలా ముప్ఫై లీటర్లకు పైగా పట్టే ట్యాంకులు అమరుస్తారు. టైర్లలో ట్యూబుకు బదులు మూస్ అనే నురగ వలయం ఉంటుంది. దానికి పంక్చర్ భయం లేదు గానీ, రాతినేల మీద ఎక్కువసేపు అధిక వేగంతో పోతే వేడెక్కి ముక్కలవుతుంది. ఎయిర్ ఫిల్టర్‌ను ప్రతి రాత్రీ మార్చవలసిందే. పొడిలాంటి ఇసుక ఒక్కసారి ఇంజిన్‌లోకి పోయిందంటే ఏ మెకానిక్ నైపుణ్యమూ దానిని వెనక్కు తీయలేదు.

కొన్ని రాత్రులు మెకానిక్ అందుబాటులో ఉండరు. మారథాన్ దశల్లో పోటీదారులే తమ వాహనాలను చూసుకోవాలి. 2024లో రబ్ అల్ ఖాలీ ఎడారిలో ప్రవేశపెట్టిన 48 గంటల దశలోనైతే, సాయంత్రం 4 గంటలకు ఎక్కడున్నవారు దగ్గరలోని చిన్న విడిదిలో ఆగి, గుడారంలో పడుకొని, తమ జట్టుతో సంబంధం లేకుండా ఉదయం తిరిగి బయలుదేరవలసి వచ్చింది. 2021లో మారథాన్ దశలో వెనుక టైరు చీలిపోయిన ఆస్ట్రేలియా రైడర్ టోబీ ప్రైస్, దానిని టేపుతో, జిప్ టైలతో బిగించుకొని మర్నాటి దశను రెండో స్థానంలో ముగించారు. మీ సంచిలో ఈ రెండూ ఉండాలి. వాటితోపాటు క్లచ్ లివర్, చైను లింకు, బండికి సరిపడే కొద్దిపాటి పానాలు (స్పానర్లు) చాలు. సహాయ జట్టు లేకుండా పోటీ చేసే విభాగంలో ఒక రైడర్‌కు విడిభాగాల కోసం దక్కేది 80 లీటర్ల పెట్టె ఒక్కటే. జట్టుతో వెళ్లేవారు కూడా ఒకసారి ఆ కొలత పెట్టెలో సర్ది చూసుకుంటే ఏది అవసరమో, ఏది భయంకొద్దీ పెట్టుకున్నదో తేలుతుంది.

మెకానిక్‌ల నిద్ర గురించి ఎవరూ తగినంతగా మాట్లాడరు. రైడర్ ఎడారిలో ఉన్న సమయంలో వారు రోడ్డు మీద వందల కిలోమీటర్లు లారీ నడిపి తరువాతి విడిదికి చేరతారు. గుడారం వేసి, బండి రాగానే పని మొదలుపెట్టి, అర్ధరాత్రి దాటాక ముగిస్తారు. తెల్లవారుజామున రైడర్‌ను సాగనంపి మళ్లీ స్టీరింగ్ పట్టుకుంటారు. పదో రోజున బోల్టు బిగించడం మరిచిపోయేది నైపుణ్యం లేక కాదు, నిద్ర లేక. డబ్బు తక్కువైన జట్టు మరేదైనా తగ్గించుకోవచ్చు గానీ, లారీ నడపడానికి వేరే మనిషిని పెట్టుకునే ఖర్చును తగ్గించుకోకూడదు. రైడర్ కూడా విడిదికి రాగానే బండిలో ఏమి తేడా ఉందో స్పష్టంగా, క్లుప్తంగా చెప్పి తప్పుకుంటే మెకానిక్‌కు గంట నిద్ర మిగులుతుంది.

ఒంటి సంగతి చెప్పాలంటే, దాహం వేయకముందే తాగాలి. మోటారుసైకిల్ రైడర్ వీపు సంచిలో కనీసం మూడు లీటర్ల నీరు ఉండాలన్నది నియమం. సౌదీ ఎడారి అంటే వేడి మాత్రమే అనుకోకండి. జనవరిలో ఉత్తరాది రాత్రులు వణికిస్తాయి. 2023లో వానలకు విడిది నీట మునిగి దశలను మార్చవలసి వచ్చింది. చలి దుస్తులు, వానకోటు తప్పనిసరి.

పడినప్పుడు, ఎదుటివారు పడినప్పుడు

2015లో డాకర్‌లో పాల్గొన్న తొలి భారతీయుడు సి.ఎస్. సంతోష్ ఆ ఏడాది 36వ స్థానంలో ముగించారు. 2021లో నాలుగో దశలో ఆయనే తీవ్రంగా పడిపోగా, వైద్యులు ఆయనను కృత్రిమ కోమాలో ఉంచి చికిత్స చేయవలసి వచ్చింది, తరువాత కోలుకున్నారు. 2023లో గాయపడి తప్పుకున్న కేరళ రైడర్ హరిత్ నోవా 2024లో ర్యాలీ 2 తరగతిని (అగ్రశ్రేణి రైడర్ల తరగతికి దిగువది) గెలిచి, మొత్తం మీద 11వ స్థానంలో నిలిచారు. అనుభవజ్ఞులూ పడతారు, లేచినవారూ ఉన్నారు. రక్షణ సామగ్రిలో మాత్రం పొదుపు వద్దు. గాలి సంచి ఉన్న రక్షణ జాకెట్‌ను 2021 నుంచి మోటారుసైకిల్ రైడర్లందరికీ తప్పనిసరి చేశారు. ప్రతి వాహనంలో ఉపగ్రహం ద్వారా నిర్వాహకులకు చేరే అత్యవసర మీట ఉంటుంది. కళ్లు మూసుకొని, చేతితొడుగులు తీయకుండా, ఎడమచేత్తో, కుడిచేత్తో కూడా దానిని తడిమి పట్టుకోవడం ఇంటి దగ్గరే అలవాటు చేసుకోండి. ప్రథమ చికిత్స నేర్చుకోని రైడర్‌ను జట్టు పంపకూడదు, ఎందుకంటే హెలికాప్టర్ వచ్చేలోగా పడినవారి పక్కన ఉండేది సాటి పోటీదారే.

పడినవారి కోసం ఆగినవారు అలా పోగొట్టుకున్న సమయాన్ని వారి లెక్కలోంచి తీసివేస్తారు. 2020 జనవరి 12న ఏడో దశలో హీరో జట్టు రైడర్ పావులో గొన్సాల్వెస్ పడిపోయినప్పుడు, ఆ ర్యాలీని గెలవగలిగిన స్థితిలో ఉన్న టోబీ ప్రైస్ ఆగి, సాయం కోరి, ఆయన పక్కనే ఉండిపోయారు. గొన్సాల్వెస్ బతకలేదు, మర్నాటి మోటారుసైకిల్ దశను రద్దు చేశారు. బయలుదేరే ముందురోజు రాత్రి జట్టంతా కూర్చుని, ఎవరు పడి కనిపించినా ఆగాలన్న మాటను రైడర్ చేత పైకి అనిపించండి.