చేర్యాల బొమ్మను మాటల్లో వర్ణించడం ఎలా?

చేర్యాల నకాషీ బొమ్మ, అంటే తెలంగాణలోని చేర్యాలలో నకాషీ కళాకారులు సంప్రదాయ పద్ధతిలో వేసే చిత్రం. దాని గురించి రాయమంటే చాలామంది “రంగురంగుల పల్లె దృశ్యం, చూడముచ్చటగా ఉంది” అని ఊరుకుంటారు. ఆ మాట ఏ బొమ్మకైనా సరిపోతుంది. బతుకమ్మ ఆడుతున్న ఆడవాళ్ల బొమ్మ ముందుందనుకుని, ఈ వరుసలో చూస్తూ రాయండి.

1. ముందు పొడవు, వెడల్పు టేపుతో కొలవండి. దేనిమీద వేశారో చూడండి. పాత పటాలకు ఖద్దరు గుడ్డ మీద సుద్దమట్టి, చింతగింజల జిగురు, గంజి కలిపి పూత పెడతారు. ఇప్పుడు అట్ట మీదా వేస్తున్నారు.

2. తర్వాత వెనక రంగు. ఈ సంప్రదాయంలో అది సాధారణంగా ఎరుపే. పైన నీలాకాశం, కింద పచ్చిక కోసం వెతకకండి.

3. ఇక కూర్పు, అసలు పని ఇక్కడే. దూరంగా ఉన్నవాళ్లను చిన్నగా వేయడం ఇందులో ఉండదు, కథలో ముఖ్యులే పెద్దగా కనిపిస్తారు. అందుకే “వెనకాల, దూరంగా” అని రాస్తే తప్పవుతుంది. “పై వరుసలో, ఎడమ పక్క” అనండి. మధ్యలో ఏముంది, ముఖాలు ఎటు తిరిగాయి, చేతులు ఎక్కడున్నాయి, ఖాళీ ఎక్కడ వదిలారు అన్నవి ఒక్కొక్కటిగా చెప్పండి. పొడవాటి కథాపటమైతే ఘట్టాలు అడ్డంగా పట్టీలుగా ఉంటాయి. పై పట్టీతో మొదలుపెట్టి కిందికి రండి.

4. రంగు పేరు ఒక్కటే చాలదు, అది ఎక్కడుందో, దాని పక్కన ఏముందో కూడా కావాలి. ఉదాహరణకు: “బతుకమ్మ అడుగున తంగేడు పసుపు, దానిపైన గునుగు తెలుపు, ఆపైన నీలం. ఎర్రచీర వెనక ఎరుపులో కలిసిపోకుండా నల్లగీత, పసుపు అంచు ఆపుతున్నాయి.” ఆ నీలం వరుసను చూసి పూల పేరు తడుముకోవద్దు. గునుగుకు రంగులద్ది పేర్చడం మన దగ్గర మామూలే. శంఖం పొడి తెలుపు, దీపపు మసి నలుపు, నీలిమందు వాడడం పాత పద్ధతి. ఇప్పుడు దుకాణపు రంగులూ వాడుతున్నారు కాబట్టి, వేసినవారిని అడగకుండా “సహజ రంగులు” అని రాయకండి.

5. ఫోటో చూసి రంగులు రాయొద్దు. బల్బు వెలుతురులో ఎరుపు నారింజలా కనిపిస్తుంది, అద్దం ఉంటే ఫ్లాష్ తెల్లమచ్చ వేస్తుంది. పగలు, కిటికీ దగ్గర పెట్టి చూడండి.

చివర్లో ఊరు, జిల్లా. చేర్యాల 2016 వరకు వరంగల్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు సిద్దిపేట జిల్లా. పాత పుస్తకాల్లో వరంగల్ అని కనిపిస్తే అది వేరే ఊరనుకోకండి.